అశోక్‌నగర్‌లో చదువుకుంటున్న తమ్ముడికి: ఇడ్రా-21 పొడి ఎందుకు వద్దంటున్నానంటే

ప్రశ్న: "అన్నా, అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్-1కి చదువుతున్నా. మా రూమ్మేట్ విదేశీ సైటు నుంచి ఇడ్రా-21 అనే రీసెర్చ్ కాంపౌండ్ పొడి తెప్పించాడు. వారం నుంచి వేసుకుంటున్నాడు. చదివింది బాగా గుర్తుంటోందట. ఇది మెదడులోని గ్లుటమేట్ రిసెప్టర్‌ని తనంతట తాను తెరవదు, వచ్చిన సిగ్నల్‌ని కాస్త పెంచుతుందంతే, కాబట్టి సేఫ్ అని చదివాను. 98 శాతం ప్యూరిటీ అని సర్టిఫికెట్ కూడా వచ్చింది. రోజుకి ఎంత వేసుకోవాలి? ఇంకో విషయం, మా నానమ్మకి మతిమరుపు మొదలైంది, డాక్టరు మెమాంటిన్ రాశారు. ఈ పొడి ఆమెకి కూడా ఇస్తే మంచిదేనా?"

జవాబు:

తమ్ముడూ, ముందు అసలు మాట చెప్పేస్తా, తర్వాత కారణాలు. నువ్వు వేసుకోవద్దు. నానమ్మకి అసలే ఇవ్వొద్దు. డోసు ఎంతో చెప్పను. ఎందుకంటే ఇడ్రా-21కి మనుషుల డోసు అనేదే లేదు. అది తేలాలంటే చేయాల్సిన పరీక్షలు దాని మీద జరగలేదు.

నాది న్యూరోఫార్మకాలజీ, అంటే మెదడు మీద మందులు ఎలా పనిచేస్తాయో చూసే శాస్త్రం. శామీర్‌పేట దాటాక ఉన్న ల్యాబుల్లో చాలా ఏళ్లు సరిగ్గా ఇలాంటి పదార్థాలనే ఎలుకల మీద, మెదడు ముక్కల మీద పరీక్షించాను. ఇవంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. ఇలా గ్లుటమేట్ సిగ్నల్‌ని పెంచే ఆంపా మాడ్యులేటర్ల వెనకున్న సైన్సు చాలా అందమైనది, వాటిలోంచి మంచి మందులు వస్తాయన్న నమ్మకం కూడా ఉంది. అందుకే దీన్ని పనికిమాలినదని కొట్టిపారేయను. నువ్వు చదివినదాంట్లో సగం నిజమే. మిగతా సగం ఎక్కడ తప్పుతోందో చూపిస్తా.

మెదడులో ఒక నరకణం పక్క కణాన్ని ఉత్తేజపరచడానికి ఎక్కువగా వాడే రసాయనం గ్లుటమేట్. దాన్ని అందుకునే రిసెప్టర్లు చాలా ఉన్నాయి. ఆంపా, ఎన్‌ఎండీఏ, కైనేట్ అనే మూడు కుటుంబాలు గ్లుటమేట్ తగలగానే తెరుచుకుని అయాన్లను లోపలికి వదులుతాయి. ఇవి కాక మెటబోట్రోపిక్ అని ఇంకో ఎనిమిది రకాలున్నాయి, అవి నిదానంగా కణం లోపలి వ్యవహారాన్ని మారుస్తాయి, వాటిని పక్కన పెడదాం. ఇడ్రా-21 పని చేసేది ఆంపా మీద.

(చైనీస్ బండి మీద వేసే అజినమోటో కూడా గ్లుటమేటే కదా, అది మెదడుకి వెళ్లదా అని చాలామంది అడుగుతారు. నోటి ద్వారా వెళ్లేదాంట్లో చాలా భాగాన్ని పేగు గోడలే వాడేసుకుంటాయి, రక్తంలోకి వచ్చిన కాస్తనీ రక్తానికీ మెదడుకీ మధ్యనున్న అడ్డుగోడ ఆపుతుంది. ఆ గోడ దాటి వెళ్లగలగడమే ఇడ్రా-21 లాంటివాటి ప్రత్యేకత, ప్రమాదం కూడా.)

ఆంపా రిసెప్టర్‌లో నాలుగు ప్రోటీన్ ముక్కలుంటాయి. గ్లుటమేట్ వచ్చి కూర్చోగానే ఛానల్ తెరుచుకుంటుంది, సోడియం లోపలికి దూసుకొస్తుంది, కొన్ని మిల్లీసెకన్లలోనే మూసుకుపోతుంది. గ్లుటమేట్ ఇంకా అక్కడే ఉన్నా సరే మూసుకుంటుంది. దీన్నే మేము డీసెన్సిటైజేషన్ అంటాం. అది ఎలా జరుగుతుందో 2002లో క్రిస్టల్ నిర్మాణాలు చూసి తేల్చారు. పక్కపక్కనున్న రెండు ముక్కలు ఒకదానికొకటి వీపు ఆనించుకుని ఉంటాయి, ఆ ఆనిక జారిపోతే ఛానల్ మూతపడుతుంది. ఇడ్రా-21, దాని దగ్గరి చుట్టమైన సైక్లోథయజైడ్ లాంటివి సరిగ్గా ఆ అతుకు దగ్గర చేరి అది జారకుండా పట్టి ఉంచుతాయి. తలుపు తీసేది గ్లుటమేటే, ఇది మూసుకోకుండా పట్టుకుంటుంది. నువ్వు చదివిన "తనంతట తాను తెరవదు" అన్న మాట ఇక్కడిదే. ఇంతవరకూ నూటికి నూరుపాళ్లు నిజం.

ఇది కళ్లతో చూడొచ్చు. ఎలుక మెదడులో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగాన్ని మిల్లీమీటరులో సగం కూడా మందం లేని ముక్కలుగా కోసి, ఆక్సిజన్ బుడగలు పోయే ఉప్పునీటిలో ఉంచుతాం. గంటసేపు అలా వదిలేస్తే తేరుకుంటాయి. తర్వాత ఒక వైపు నుంచి చిన్న కరెంటు ఇస్తే, ఇంకో వైపు సన్నటి గాజు ఎలక్ట్రోడు ఆ కణాల జవాబుని పట్టుకుంటుంది. తెర మీద గీత దిగ్గున కిందికి పడి మళ్లీ పైకి లేస్తుంది. ఇప్పుడు ఆ ఉప్పునీటిలో మాడ్యులేటర్ కలుపుతాం. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ ఉండదు. ఆ తర్వాత గీత పైకి లేవడం ఆలస్యమవుతుంది, ఒక్కో గీతకీ తోక ఇంకాస్త సాగుతుంది. మందు కడిగేస్తే మళ్లీ మామూలే. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. నువ్వు ఇంటర్నెట్‌లో చదివిన గ్రాఫులన్నీ ఇలా పుట్టినవే. కానీ ఆ ముక్కకి రక్తనాళాలు లేవు, లివర్ లేదు, ఫిట్స్ వచ్చి పడిపోయే ఒళ్లు లేదు. అది చెప్పేది రిసెప్టర్ సంగతి. దాన్నుంచి నీ దాకా రావాలంటే మధ్యలో బోలెడంత పని ఉంది, ఆ పనే మన ఊరి చుట్టూ వేలమందికి ఉద్యోగం. నీ రూమ్మేట్ చేతిలో ఉన్న పొడి ఆ దారిలో నడవలేదు.

జ్ఞాపకానికీ దీనికీ సంబంధం ఎక్కడ కుదిరిందంటే, 1973లో బ్లిస్, లోమో అనే ఇద్దరు కుందేలు హిప్పోకాంపస్‌లో ఒక సంగతి చూపించారు. నరాల దారిని కాసేపు గట్టిగా ఉత్తేజపరిస్తే, ఆ తర్వాత గంటల తరబడి ఆ దారి బలంగా ఉండిపోతుంది. దీర్ఘకాలిక పొటెన్షియేషన్ అంటారు దాన్ని. ఆంపా గట్టిగా తెరుచుకుంటే కణం వోల్టేజి మారుతుంది, దాంతో ఎన్‌ఎండీఏ ఛానల్‌లో అడ్డుగా కూర్చున్న మెగ్నీషియం తప్పుకుంటుంది, కాల్షియం లోపలికి వస్తుంది, కొత్త ఆంపా రిసెప్టర్లు పైకి చేరతాయి. అంటే ఆంపాకి కాస్త ఊతమిస్తే నేర్చుకోవడం సులువు కావాలి. కాలిఫోర్నియాలో గ్యారీ లించ్ బృందం ఈ ఆలోచన మీదే ఆంపాకైన్లు అనే పదార్థాలు తయారు చేసింది. ఇడ్రా-21 వేరే కుటుంబం, బీపీ మందుగానూ షుగర్ పడిపోకుండానూ వాడిన డయజాక్సైడ్‌కి దగ్గరిది. ఎలుకల్లోనూ కోతుల్లోనూ నేర్చుకునే పరీక్షల్లో మంచి ఫలితాలు చూపింది. మీవాడు చదివి మురిసిపోయింది అవే.

ఇక "కాబట్టి సేఫ్" అన్న దగ్గరికి వద్దాం.

తనంతట తాను తెరవదు కాబట్టి, గ్లుటమేట్ ఎక్కడ విడుదలవుతుందో అక్కడే దీని ప్రభావం ఉంటుంది. వినడానికి బాగుంది. కానీ గ్లుటమేట్ నువ్వు పాలిటీ పుస్తకం చదివేటప్పుడు మాత్రమే, జ్ఞాపకం దాచే చోట మాత్రమే విడుదల కాదు. మెదడంతా దాని మీదే నడుస్తుంది. చెడ్డచోట కూడా అదే విడుదలవుతుంది. ఫిట్స్ మొదలయ్యే చోట గ్లుటమేటే. రక్తం అందక కణాలు ఉక్కిరిబిక్కిరయ్యే చోట కూడా గ్లుటమేటే, అక్కడైతే ఏరులై పారుతుంది. తలుపు మూసుకోకుండా పట్టుకున్న మందుకి ఇది చదువు, ఇది ఫిట్స్ అని తేడా తెలియదు. ఆ మిల్లీసెకన్లలో మూసుకుపోవడం మెదడు తనకి తాను పెట్టుకున్న కాపలా.

చుంచెలుకల్లో ఇది ఎలా కనిపిస్తుందో చెబుతా. తక్కువ డోసులో అవి మామూలుగానే తిరుగుతాయి, జ్ఞాపకం పరీక్షలో కాస్త మెరుగ్గా ఉంటాయి. డోసు పెంచుతూ పోతే ఒక దశలో మెరుగుదల ఆగిపోతుంది, ఇంకా పెంచితే జ్ఞాపకం తగ్గుతుంది. ఆపైన ఫిట్స్. బోనులో ఓ మూల కదలకుండా నిలబడిపోతుంది, తోక కర్రలా బిగుసుకుంటుంది, మూతి వణుకుతుంది. తర్వాత ముందుకాళ్లు కొట్టుకుంటాయి, వెనక్కాళ్ల మీద లేచి పక్కకి పడిపోతుంది. ఫిట్స్ తీవ్రతని కొలిచే రసిన్ స్కేలు అని ఉంటుంది, దాని ప్రకారం సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేసి రాసుకుంటాం. ఈ రకం మందుల్లో పనిచేసే డోసుకీ ఫిట్స్ తెచ్చే డోసుకీ మధ్య ఎడం ఎంత అన్నదే ఈ రంగంలో అందరి తలనొప్పి. డీసెన్సిటైజేషన్‌ని గట్టిగా ఆపేవాటిలో ఆ ఎడం మరీ తక్కువ.

ఇప్పుడు నీ పరిస్థితి చూడు. రాత్రి రెండింటి దాకా రీడింగ్ రూములో ఉంటావు, పొద్దున్నే కోచింగ్. నిద్ర చాలకపోతే ఫిట్స్ వచ్చే అవకాశం దానంతట అదే పెరుగుతుంది. ఒంటినొప్పులకని ట్రమడాల్ వేసుకున్నా, ఇన్‌ఫెక్షన్‌కి సిప్రోఫ్లాక్సాసిన్ వాడుతున్నా ఇంకాస్త పెరుగుతుంది. మన దేశంలో ఇంకొకటుంది. మెదడులో బద్దెపురుగు తిత్తులు, న్యూరోసిస్టిసెర్కోసిస్ అంటారు. మన దగ్గర ఫిట్స్‌కి ముఖ్య కారణాల్లో ఇదొకటి. మాంసం ముట్టనివాళ్లకి కూడా వస్తుంది, ఎందుకంటే ఆ గుడ్లు సరిగా కడగని కూరగాయల మీదా, కలుషితమైన నీళ్లలోనూ ఉంటాయి. తిత్తి ఉన్న సంగతి మొదటి ఫిట్స్ వచ్చి స్కాన్ తీసేదాకా చాలామందికి తెలియదు. అలాంటి మెదడులోకి, బయట ఎవరి పర్యవేక్షణా లేకుండా, ఫిట్స్ ఇంకా తేలిగ్గా వచ్చేలా చేసే పొడి వేసుకోవడమా? నాకు గుండె ఆగినంత పనవుతుంది తమ్ముడూ.

నానమ్మ విషయంలో నా భయం ఇంకా ఎక్కువ. 1998లో వచ్చిన ఒక పరిశోధనలో ఎలుకల మెదడుకి కాసేపు రక్తం ఆపి మళ్లీ వదిలారు. ఇడ్రా-21 ఇచ్చిన ఎలుకల హిప్పోకాంపస్‌లో నరకణాల నష్టం ఎక్కువైంది. జ్ఞాపకం పెంచుతుందని పేరున్న పదార్థం, జ్ఞాపకం ఉండే చోటే నష్టాన్ని పెంచింది. పెద్ద వయసులో, బీపీ షుగర్ ఉన్నవాళ్లలో, బయటికి తెలియని చిన్న చిన్న రక్తప్రసరణ లోపాలు మెదడులో సర్వసాధారణం. ఆమెకి ఇది ఇవ్వడమంటే ఆ ఎలుకల ప్రయోగాన్ని ఇంట్లో చేయడమే.

గ్లుటమేట్ ఒత్తిడి శ్రుతి మించితే మనుషుల్లో ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 1987లో కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి నుంచి వచ్చిన ఆల్చిప్పలు తిని వందమందికి పైగా జబ్బు పడ్డారు. అందులో ఉన్నది డొమోయిక్ ఆమ్లం, కైనేట్, ఆంపా రిసెప్టర్లని నేరుగా తెరిచే విషం. కొందరు చనిపోయారు. బతికినవాళ్లలో కొందరికి కొత్త విషయాలేవీ గుర్తుండకుండా పోయాయి. ఇడ్రా-21 డొమోయిక్ ఆమ్లం లాంటిది కాదు, ఆ రెంటినీ ఒక గాటన కట్టను. కానీ ఎంత సున్నితమైన యంత్రంలో చెయ్యి పెడుతున్నామో తెలియడానికి చెప్పాను.

డోసు అడిగావు. నెట్‌లో జనం ఎలా లెక్కేస్తారో నాకు తెలుసు. ఎలుకకి కిలోకి 10 మిల్లీగ్రాములిచ్చారు, నా బరువు 60 కిలోలు, అంటే 600 మిల్లీగ్రాములు అంటారు. ల్యాబులో ఎవరూ అలా లెక్కెయ్యరు. చిన్న జంతువు ఒంట్లో మందు వేగంగా ఖర్చవుతుంది, అందుకని ఎలుక డోసుని మనిషి డోసుకి మార్చేటప్పుడు 6.2తో భాగిస్తారు. అప్పుడు 97 మిల్లీగ్రాములు దాటదు. అది కూడా డోసు కాదు. మొదటిసారి మనిషికి ఇచ్చేటప్పుడు కనీసం ఇంకో పదితో భాగించాలి, అంటే 10 లోపు. పైగా ఈ లెక్క మొదలుపెట్టాల్సింది పనిచేసిన డోసు నుంచి కాదు. రెండు జాతుల జంతువుల్లో వారాల తరబడి ఇచ్చి, గుండె, లివర్, మెదడు అన్నీ కోసి చూసి, ఏ హానీ కనపడలేదని తేల్చిన డోసు నుంచి. ఆ మొదటి సంఖ్యే లేనప్పుడు మిగతా లెక్కంతా ఊహ. 600కీ 10కీ మధ్య తేడా చూడు, ఫిట్స్ ఆ మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు.

సరే, అన్ని పరీక్షలూ పద్ధతిగా జరిగిన దీని చుట్టాల సంగతేమైంది? సీఎక్స్-516 అనే ఆంపాకైన్‌ని స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బులో పరీక్షించారు. 105 మందికి, 900 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు, నాలుగు వారాలు. 2008లో ఫలితాలు వచ్చాయి, ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగేమీ లేదు. లిల్లీ కంపెనీ మిబాంపేటర్‌ని అల్జైమర్స్‌లో పరీక్షించింది, జ్ఞాపకం స్కోరు పెరగలేదు. నీకు బాగా పనికొచ్చే కథ సీఎక్స్-717ది. 2005లో నిద్ర లేకుండా ఉంచిన కోతుల్లో అద్భుతంగా పనిచేసింది, పేపర్లన్నీ రాశాయి, నిద్ర అక్కర్లేని సైనికుడు వచ్చేస్తున్నాడన్నట్టు. 2006లో జంతువుల మెదడు కణజాలంలో ఏవో మార్పులు కనిపించాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షలు నిలిపేసింది. అవి కణజాలాన్ని భద్రపరిచే రసాయనంతో పుట్టినవని కంపెనీ తర్వాత వాదించింది. మనుషులతో నైట్ డ్యూటీ లాంటి పరిస్థితి కల్పించి చేసిన పరీక్షలో పనితీరు మెరుగుపడలేదు. ఫరాంపేటర్ ఇంకా విచిత్రం. 2007లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి ఇస్తే అప్పటికప్పుడు గుర్తుంచుకోవడం కాస్త మెరుగైంది, జరిగిన సంఘటనలని గుర్తుపెట్టుకునే జ్ఞాపకం తగ్గింది. నీకు పరీక్షలో కావాల్సింది ఈ రెండిట్లో ఏదో ఆలోచించు. నానమ్మ పోగొట్టుకుంటున్నది ఏదో కూడా.

ఆశ లేదని కాదు. ఒసవాంపేటర్ అనే ఆంపా మాడ్యులేటర్‌ని డిప్రెషన్‌లో పరీక్షించారు, ఆ ఫేజ్-2 అధ్యయనానికి సావిత్రి అని పేరు పెట్టారు, 183 మందితో చేశారు. 2024లో ఫలితాలు బాగా వచ్చాయి, 2025లో ఫేజ్-3 మొదలైంది. ఆ వార్త చదివిన రోజు నేను నిజంగా సంతోషించాను. ఆ మందు ఇక్కడిదాకా రావడానికి ముఖ్య కారణం ఫిట్స్ డోసుకి దూరంగా ఉండేలా దాన్ని మలచడానికి రసాయన శాస్త్రవేత్తలు పడ్డ ఏళ్ల తరబడి కష్టం. ఇంకోవైపు ఆంపాని తగ్గించే పెరాంపనెల్ 2012 నుంచి ఫిట్స్‌కి మందుగా ఉంది. రిసెప్టర్ అదే, తగ్గిస్తే ఫిట్స్ ఆగుతున్నాయి. పెంచితే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

98 శాతం సర్టిఫికెట్ సంగతి. జీడిమెట్లలోనో బొల్లారంలోనో మందుల నాణ్యత చూసే క్యూసీలో పనిచేసేవాళ్లు మీ ఊరివాళ్లే ఎవరైనా ఉంటారు, వాళ్లకి చూపించు, ఇదే చెబుతారు. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షలో పొడిలోని పదార్థాలని విడదీసి, ఒక తరంగదైర్ఘ్యం కాంతి పంపి, దాన్ని పీల్చుకున్నవాటికి గ్రాఫు మీద వచ్చే శిఖరాలనే లెక్కేస్తారు. 98 శాతం అంటే ఆ కనిపించిన శిఖరాల మొత్తంలో దాని వాటా. ఆ కాంతిని పీల్చుకోని ఉప్పు, నీరు, మిగిలిపోయిన సాల్వెంటు, లోహాలు, ఇవేవీ ఆ లెక్కలోకి రావు. వాటికి విడిగా వేరే పరీక్షలుంటాయి. బెంజీన్ అయితే మందుల్లో పది లక్షల్లో రెండు వంతులు దాటకూడదు, ఆ కాగితం మీద బెంజీన్ మాటే ఉండదు. ఇక ఆ మిగిలిన 2 శాతం. మామూలు మందు ముడిపదార్థంలో ఏదైనా ఇంప్యూరిటీ 0.10 శాతం దాటితే అదేమిటో గుర్తించి తీరాలి, 0.15 శాతం దాటితే అది హాని చేయదని కూడా చూపాలి. 2 శాతం అంటే ఆ 0.10కి ఇరవై రెట్లు, అందులో ఏముందో ఎవరూ చెప్పలేదు. పైగా ఇడ్రా-21 కుడి ఎడమ రూపాలు రెండూ కలిసిన పదార్థం, నీళ్లలో ఒకటి ఇంకోటిగా మారుతుంటుంది, ఆమ్లంలో విరిగిపోతుంది కూడా. సర్టిఫికెట్ సీసాలో ఉన్నదానికి, నీ కడుపులోకి వెళ్లాక ఉండేదానికి కాదు. ఆ కాగితం ఏ బ్యాచ్‌దో, నీ సీసా ఏ బ్యాచ్‌దో చూశావా?

చట్టం గురించి క్లుప్తంగా. ఆమోదం లేని కొత్త మందుని మనుషుల మీద వాడాలంటే 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ కింద అనుమతి కావాలి. ఎథిక్స్ కమిటీ ఉంటుంది, ట్రయల్ రిజిస్ట్రీలో నమోదు ఉంటుంది, ట్రయల్ వల్ల ఏదైనా జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఉంటాయి. సీసా మీద "మనుషుల వాడకానికి కాదు" అని రాసి అమ్మేవాడు ఆ బాధ్యతలన్నీ ఒక్క లైనుతో వదిలించుకుంటున్నాడు. ఏమైనా అయితే నీ పక్కన ఎవరూ ఉండరు.

ఇప్పుడు నానమ్మ. మెమాంటిన్ మంచి మందే. ఎన్‌ఎండీఏ ఛానల్ తెరుచుకుని ఉన్నప్పుడే లోపలికి దూరి, అదేపనిగా కారుతున్న సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, నిజమైన సిగ్నల్ వచ్చినప్పుడు చప్పున తప్పుకుంటుంది. సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం వారం పెంచుకుంటూ రోజుకి 20 దాకా తీసుకెళ్తారు, కిడ్నీలు బాగా బలహీనంగా ఉంటే తక్కువకే ఆపుతారు. ఇందాక చెప్పాను కదా, ఆంపా ఎక్కువ తెరుచుకుంటే ఎన్‌ఎండీఏ కూడా ఎక్కువ తెరుచుకుంటుందని. డాక్టరు ఒక చేత్తో తగ్గిస్తుంటే నువ్వు ఇంకో చేత్తో పెంచినట్టవుతుంది. మెమాంటిన్ కూడా మతిమరుపుని వెనక్కి తిప్పదు, కొందరిలో జబ్బు ముదిరే దశలో కాస్త సాయపడుతుంది. దానికి తోడుగా ఇంకో మందు కలిపి మెరుగు చేద్దామని మన హైదరాబాద్ సువెన్ లైఫ్ సైన్సెస్ మసుపిర్డిన్ అనే మందుతో పెద్ద ట్రయల్ చేసింది. అల్జైమర్స్‌కి డొనెపెజిల్ అనే మందు, మెమాంటిన్ రెండూ వాడుతున్నవాళ్లకే ఇచ్చి చూశారు. 2019లో జ్ఞాపకం విషయంలో అనుకున్న ఫలితం రాలేదు. వాళ్లు అక్కడితో ఆగలేదు, అల్జైమర్స్ రోగుల్లో వచ్చే ఆందోళనకి అదే మందుని పరీక్షించడం మొదలుపెట్టారు. అంత పద్ధతిగా చేసినా ఇంత కష్టం.

నువ్వు ఆమెకి నిజంగా చేయగలిగింది వేరే ఉంది. మందు రాసే ముందు బీ12, థైరాయిడ్ చూశారా అడుగు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గడం మామూలు, దానివల్ల వచ్చే మతిమరుపు చాలావరకు సరిదిద్దుకోవచ్చు. ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా? తలకి చిన్న దెబ్బే తగిలినా పెద్దవాళ్లలో లోపల రక్తం నెమ్మదిగా చేరి మతిమరుపులా కనిపిస్తుంది. ఆమె వేసుకునే మాత్రలన్నీ, నిద్రమాత్రలు, జలుబు మాత్రలు, యూరిన్ ఆపుకోలేకపోతున్నారని ఇచ్చినవి, అన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుకి చూపించు. వాటిలో కొన్ని నేరుగా జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. చెవులు సరిగా వినపడకపోయినా, తాతయ్య పోయాక వచ్చిన దిగులైనా మతిమరుపులాగే ఉంటాయి. ఆమెతో రోజూ మాట్లాడు. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ఒక సంగతి ప్రచురించింది: రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు బయటపడటం సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యమైంది, చదువు రానివాళ్లలో కూడా. తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి తిరిగే మన ఊళ్లోనే తేలిన విషయం ఇది, నాకు చాలా ప్రియమైన పరిశోధన.

నీ చదువు గురించి రెండు మాటలు. నువ్వు పొడిలో వెతుకుతున్న పొటెన్షియేషన్ నీ మెదడులో రోజూ జరుగుతూనే ఉంది, అది స్థిరపడేది నిద్రలో. రాత్రి నిద్ర తగ్గించి ఆంపాని పెంచుకోవాలనుకోవడం రెండు రకాలా నష్టమే. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో, ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కన్నా, ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాసినవాళ్లకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. మళ్లీ చదివినవాళ్లేమో తమకే బాగా వచ్చని అనుకున్నారు. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చున్నప్పుడు ఒక చాప్టర్ అయ్యాక పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాసి చూడు. ఒత్తిడి మరీ భరించలేకుండా ఉంటే 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు.

ఇక మీ రూమ్మేట్, ఇది ఈ రోజే చూడాల్సిన పని. బాగా గుర్తుంటోందని అతను అబద్ధం చెప్పడం లేదు. ఖరీదు పెట్టి తెప్పించి, వేసుకుని, పట్టుదలగా కూర్చుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అతన్ని తిట్టొద్దు, భయపెట్టొద్దు, ఆపమని చెప్పు. వారం రోజులు రాత్రి సరిగా పడుకోమను, మద్యం జోలికి పోవద్దను, బండి నడపొద్దను, హాస్టల్ మేడ మీద పిట్టగోడ ఎక్కి కూర్చోవద్దను. ముఖమో చెయ్యో తనకి తెలియకుండా ఎగిరిపడుతున్నా, మాట మధ్యలో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతున్నా, పొద్దున చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా, ఆ రోజే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం, నీళ్లు పోయడం ఏదీ చేయొద్దు. చుట్టూ ఉన్న వస్తువులు జరిపి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, టైము చూసుకుంటూ 108కి ఫోన్ చెయ్యి. ఐదు నిమిషాలు దాటితే అది ప్రాణం మీదికొచ్చే విషయం. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ సీసా, ఆ సర్టిఫికెట్ కాగితం రెండూ జేబులో పెట్టుకెళ్లు. డ్యూటీ డాక్టరు ఈ పేరు ఎప్పుడూ విని ఉండకపోవచ్చు. "గ్లుటమేట్ ఆంపా రిసెప్టర్‌ని పెంచే పదార్థం, ఫిట్స్ తెస్తుంది" అని ఒక్క వాక్యం చెప్పు, ఏం చేయాలో వాళ్లకి అర్థమవుతుంది.